చౌక తుపాకుల వేడుక

వంటయింటిని గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, వ్రతములను గూర్చియు చదువుటకు అలవాటుపడిన మీరు, ఈ నెల మేము తుపాకిని గూర్చి వ్రాసితిమని చూచి ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో! కాని తుపాకి మన యిండ్లలోనికి రానిదా? దానిని కొనునపుడు మనల నెవ్వరును అడుగరు గాని, కొన్నపిమ్మట అది వ్రేలాడునది మన నడవగోడ మేకునకే. బిడ్డలు దాని నందుకొనకుండ కాచుకొనవలసినదియు మనమే. రాజుల వేటతుపాకులను గూర్చి గాని, లక్షలు పలుకు సీమజంటగొట్టములను గూర్చి గాని మేము వ్రాయబోము. సామాన్యసంసారి కొనగలది, పిల్లవాడు మారాము చేసి తెప్పించుకొనగలది, జాతరలో పది యిరువది రూపాయలకు చేతబట్టి కాల్చిచూడగలది, అట్టి చౌక తుపాకియే మా ప్రస్తావము. దానియం దింత ఆకర్షణ మెక్కడిది? దాని వెల యంతయు అంగడిలోనే చెల్లిపోవునా?

మొదట అన్నిటికంటె నిరపాయమగు దానినే చూతము. మా ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పుష్యమాసమున జరుగును. తేరు కదలిన పిమ్మట జనమంతయు అంగళ్ళ వీధులలోనికి ప్రవహించును. బొరుగుల రాసులు, గాజుల మలారములు, రంగులరాట్నములు దాటి పోగా, ఒక మూల చట్రమునకు గట్టిన గుడ్డమీద ఎఱ్ఱవి, పచ్చవి, పసుపువి బెలూనులు వరుసలుగా గ్రుచ్చియుండును. ముందఱి బల్లమీద రెండు మూడు గాలితుపాకులుండును. అచట పిల్లలే గుమిగూడుదురని తలపవలదు. అరువదియేండ్లు దాటిన అవ్వ యొకతె, మనుమడు మూడుమాఱులు తప్పిన బెలూనును తా నొక్కదెబ్బతో పగులగొట్టి, అంగడివానితో "ఇంగ నాలుగు రవ్వలీప్పా" అని చేయి చాచుట మేము కన్నులార చూచితిమి. చుట్టునున్న ఆడువారి ముఖములలో ఆనాడు గన్న వెలుగు హరికథా కాలక్షేపములందు సైతము అరుదు.

ఈ గాలితుపాకిలో మందు లేదు, మంట లేదు. గొట్టమును నడుమ విఱిచి క్రిందికి వంచినపుడు లోపలి స్ప్రింగు బిగియును. గొట్టపు మొదట చిన్న సీసపు రవ్వ నుంచి, గొట్టమును యథాస్థానమునకు దెచ్చి మీట నొక్కినచో, స్ప్రింగు విడివడి పిస్టనును ముందునకు నెట్టును. పిస్టను గాలిని నొక్కును. నొక్కబడిన గాలి రవ్వను గొట్టము వెంబడి త్రోసివేయును. రవ్వ అడ్డుకొలత నాలుగున్నర మిల్లీమీటర్లు. ఇంత చిన్న యంత్రమునం దంత యానంద మేలనగా, మాకు తోచిన కారణ మిది. మన గృహకృత్యములలో పనికి ఫలము వెంటనే కనబడదు, కనబడినను నిలువదు. ఉదయమున తోమిన గిన్నె మధ్యాహ్నమునకు మరల తోమవలసినదే. బెలూను మాత్రము అట్లు కాదు. గుఱి చూచితిమి, మీట నొక్కితిమి, ఠప్పుమన్నది. ఇది మన చేతులార జరిగినదని మనస్సునకు క్షణములో రుజువు దొరకును. పురుషులును ఈ రుజువునకే ప్రాకులాడుచున్నారని మా నమ్మకము. పగలంతయు జిన్నింగు మిల్లులో పత్తిబోరెములు మోసినవానికిని, పద్దులు వ్రాసి నడుము పట్టుకొనిపోయినవానికిని అంతకంటె వేఱు రుజువు ఎచట దొరకును?

ఈ సంతోషము ఇంటికి వచ్చినపుడే చిక్కులు మొదలగును. మా ప్రక్కయింటి యామె భర్త మగ్గము నేయును. ఆమె యొకనాడు మా గడపలో కూర్చుండి, "అక్కా, మా వానికి తుపాకి గావాలంట. రెండు దినాలాయ, అన్నం తినల్యా. అంగట్లో అమ్ముతారంట, లైసెన్సు గూడా వద్దంట, నిజమేనా?" అని యడిగినది. వాని వయస్సు పదునాలుగు. ఆమె ప్రశ్నకు మా యింటివారు చట్టపు పుస్తకము తిరుగవేసి చెప్పినది మీకును ఉపయోగించును. 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము, గొట్టపు రంధ్రము 0.177 అంగుళమునకు మించక, రవ్వ వెలువడు శక్తి 20 జౌళ్ళకు మించక యున్న గాలితుపాకికి లైసెన్సు అక్కఱలేదు. అంతకు మించినచో కావలెను. కనుక పిల్లవాడు చెప్పినది కొంత నిజమే.

అయితే లైసెన్సు వలదనుటకు అపాయము లేదని అర్థము కాదు. జాతరలో బెలూను పగులగొట్టు ఆ రవ్వయే కంటికి తగిలినచో కన్ను పోవును. ఱాతిగోడకు తగిలి మరలివచ్చినను అంతే. రవ్వలు సీసముతో చేసినవి, సీసము విషము. వానిని నోట పెట్టుకొని ఒక్కొక్కటిగా తీసికొను అలవాటు పిల్లలకు గలదు. దానిని మాన్పవలెను. ఆట ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడిగింపక అన్నము పెట్టరాదు. వీని యన్నిటికంటె పెద్దచిక్కు వేఱొకటి గలదు. డబ్బామీద కాల్చి విసుగు పుట్టిన మూడవనాడు పిల్లవాని చూపు వేపచెట్టుమీదికి పోవును. అచట గోరింక యుండును, రామచిలుక యుండును, ఉడుత యుండును. డబ్బా కదలదు, పిట్ట కదలును. కదలు దానిని కొట్టుటలోనే మజా యని ఏ గురువును చెప్పకయే వానికి తెలియును.

ఇక మందుతో గాల్చు తుపాకులలో చౌకయైనదానికి వత్తము. దీనిని జనులు 12 బోరు తుపాకి యందురు. ఈ 12 ఎక్కడిదనగా, ఆ గొట్టమునకు సరిపడు సీసపు గుండ్లు 12 కలిసి ఒక పౌను తూగునని లెక్క. రైఫిలు గొట్టము లోపల మెలికలుగా గాట్లు కోయవలెను. దీనికి ఆ పని లేదు, లోపల నున్నగా నుండును. ఏకగొట్టమైనచో పనితనము మఱింత తక్కువ. అందుచేతనే వెలయు తక్కువ. అంగడిలో దొరకు తూటాలో మందు, అట్ట, దానిపై పెక్కు సీసపు రవ్వలు కూర్చియుండును. కాల్చినంతనే రవ్వలు గొట్టము విడిచి, పోను పోను విచ్చుకొనును. మూతి కొంచెము బిగియించిన గొట్టముతో కాల్చినచో, 40 గజముల దూరమున వానిలో నూటికి 70 వంతులు 30 అంగుళముల అడ్డుకొలత గల వలయములో పడునని తుపాకి పనివారి కొలత. అనగా గుఱి కొంచెము తప్పినను దెబ్బ తగులును. ఏండ్లకొలది సాధన చేయనివానికి, ఆదివారమునాడు మాత్రము పొలమునకు పోవువానికి ఇంతకంటె కావలసిన దేమున్నది? చౌకతనమును, సులభత్వమును ఈ నున్నని గొట్టములోనే చేరియున్నవి.

మన చట్టమును దీనియెడ కొంత మెత్తగా నుండుట గమనింపదగినది. తెల్లదొరల కాలమున 1878లో లిట్టను ప్రభువు చేసిన ఆయుధశాసనము, తెల్లవారికి మినహాయింపు లిచ్చి మనవారిని లైసెన్సునకు కట్టివేసినది. దానినిగూర్చి కాంగ్రెసు మహాసభలలో ఎన్నియో మాఱులు నిరసనలు చెలరేగినవి. స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1959 నాటి ఆయుధచట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చినది. అందు ఆత్మరక్షణకు గాని క్రీడకు గాని 20 అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టపు తుపాకికిని, నిజముగా పైరు కాపాడుకొనుటకై మూతినుండి మందు కూరు తుపాకికిని ప్రత్యేకముగా దారి చూపబడినది. 21 ఏండ్లు నిండవలెను, విచారణ జరుగవలెను. బీహారు ముంగేరులో, నవాబు మీర్ కాసిం 18వ శతాబ్దమున రాజధాని నెలకొల్పి ఆయుధశాల పెట్టిననాటి నుండి తుపాకి పనివారు గలరు. సామాన్యుని లైసెన్సు తుపాకులు పెక్కు అచటి పనివారి చేతినుండి వచ్చినవే.

ఆదోని తాలూకాలో మా కెఱిగిన యొక గృహమున ఇట్టి ఏకగొట్టపు తుపాకి యుండెడిది. ఆ యింటి పెద్దాయనకు పత్తిచేలు మెండు. సాయంకాలము పైపంచ నడుమునకు బిగించి, రెండు తూటాలు జేబులో వేసికొని, నల్లరేగడి గట్లవెంట పోవుట ఆయనకు నిత్యసంతోషము. కొట్టినది కొట్టుట, లేనినాడు చల్లగాలి పీల్చుకొని వచ్చుట. "ఆ గంట ఆయన మొగంలో చింత కనిపిచ్చేది కాదమ్మా" అని ఆయన కోడలే మాతో ననినది. ఆ వేడుకను మేము చిన్నచూపు చూడము. అయితే చాలయేండ్ల క్రిందట ఒక సాయంకాలము కౌజుపిట్ట గట్టుమీదనుండి లేవగా ఆయన కాల్చెను. ఆవల, నడుమెత్తు పత్తిచెట్ల నడుమ, వంగి పత్తి తీయుచున్న కూలిస్త్రీ ఆయనకు కనబడలేదు. రవ్వ లైదో ఆఱో ఆమె భుజమునను మెడప్రక్కను దిగినవి. ప్రాణము దక్కినది. పెద్దమనుష్యులు కూర్చుండి వ్యవహారము సర్దిరి. ఆసుపత్రికిని, ఆమెకు ముట్టజెప్పినదానికిని అయిన సొమ్ము తుపాకి వెలకు ఎన్నిరెట్లో ఆ కోడలు వ్రేళ్ళమీద లెక్కించి చూపినది. ఆ కూలియామె కుడిచేయి మాత్రము మరల వెనుకటివలె పైకి లేవలేదట. గుఱి తప్పినవానిని మన్నించు ఆ విచ్చుకొను గుణమే, గుఱికి ఆవలనున్నదానిని మన్నింపలేదు.

అటుపిమ్మట ఆ యింట నొక కట్టుబాటు ఏర్పడినది. తుపాకి మామగారిది, తూటాల పెట్టె తాళపుచెవి అత్తగారిది. అడిగినపుడెల్ల ఆమె ఈయలేదు. ఎన్నికలు వచ్చినపుడు లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగింపుమందురు గదా, ఆ దినములలో వట్టి మేకును చూచుకొని ఆమె హాయిగా నిద్రపోయెడిదట. మా కర్నూలు జిల్లాలో ఇండ్ల మధ్య, ఊళ్ళ మధ్య పంతము లెట్టివో చదువరులకు చెప్పనక్కఱలేదు. వేడుకకు కొన్న తుపాకి కోపమువచ్చినప్పుడును ఆ మేకుమీదనే యుండును.

లైసెన్సు లేని నాటుతుపాకి సంగతి రెండుమాటలలో ముగింతము. అది మిక్కిలి చౌక. నీటిగొట్టమునో, మోటారుబండి ఇనుపకడ్డీనో తెచ్చి గొట్టముగా చేయుదురు. మందు ఎక్కువైనను, మఱచి రెండుమాఱులు కూరినను అది ముందునకు గాక వెనుకకు పేలును. అప్పుడు పోవునవి కాల్చువాని వ్రేళ్ళు, కన్నులు. దానిని దగ్గఱ నుంచుకొన్నందుకే 2019 నాటి సవరణచట్టము రెండు మొదలు అయిదేండ్ల కారాగారము విధించుచున్నది. అదే సవరణ, పెండ్లిండ్లలోను ఊరేగింపులలోను వేడుకకై ఇతరులకు అపాయకరముగా కాల్చువారికి రెండేండ్ల వఱకు జైలు, లక్ష రూపాయల వఱకు జుర్మానా, లేదా రెండును విధింపవచ్చుననినది. కాల్చునది లైసెన్సు తుపాకియే యైనను శిక్ష తప్పదు.

మన పెద్దలు ఈ వేడుకను ఎఱుగనివారు కారు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వేటను రాజవ్యసనములలో చేర్చియు, దానివలన వ్యాయామము కలుగుననియు, మేదస్సు తగ్గుననియు, నిలిచిన గుఱిని కదలు గుఱిని కొట్టు నేర్పు వచ్చుననియు గుణములను దాచక చెప్పెను. కాళిదాసు శాకుంతలమున సేనాపతిచే వేటను పొగడించి, దాని ప్రక్కనే వేటవెంట తిరుగలేక కీళ్ళు పట్టుకొనిపోయిన విదూషకునిచే మొత్తుకొనజేసెను. ఆ విదూషకుని మాట చదివినపుడెల్ల మాకు మన ఆడువారి గొంతుకయే వినబడును! ఇక దశరథుని కథ మనలో నెవ్వరెఱుగరు? సరయూతీరమున చీకటిలో నీటిచప్పుడు విని ఏనుగని తలచి బాణము వేసెను. తగిలినది అంధులగు తల్లిదండ్రుల కొఱకు కడవ ముంచుచున్న బాలునకు. నేడు ఏ దేశమున తుపాకి నేర్పువారైనను మొదటి పాఠముగా చెప్పునది ఇదియే: గుఱిని కన్నులార చూడక కాల్పరాదు, గుఱికి వెనుక నేమున్నదో తెలియక కాల్పరాదు. ఆ పత్తిచేని పెద్దాయన రామాయణము ఎన్నిమాఱులు వినలేదు!

ఇచట రైతుల పక్షమునను ఒకమాట చెప్పవలెను. ఆదోని, ఆలూరు ప్రాంతముల చేలలో కృష్ణజింకలు మందలుమందలుగా తిరుగును. క్రొత్తగా మొలచిన వేరుసెనగనో పత్తినో ఒక్కరాత్రిలో మేసిపోవును. విత్తనమునకు అప్పుచేసిన యిల్లాలు తెల్లవాఱి చేను చూచి గట్టుమీద కూలబడుట మే మెఱుగుదుము. ఆమెకు జింక కన్నులు విశాలములని చెప్పుట ఎగతాళి. అయినను ఆ జింక మన ఆంధ్రప్రదేశపు రాష్ట్రజంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమున మొదటి పట్టికలో నున్నది. దానిని చంపినవానికి మూడు మొదలు ఏడేండ్ల వఱకు కారాగారము. కుందేలునకును, కౌజునకును, పూరేడునకును చట్టపు రక్షణ గలదు. కాబట్టి ఆదివారపు వేట యనునది నేడు వేడుక కాదు, నేరము. ఈ రక్షణ ఎంత ఆలస్యముగా వచ్చినదో తెలియవలెనన్న బట్టమేకపిట్టను తలచికొందుము. ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన రోళ్ళపాడున దానికొఱకే 1988లో అభయారణ్య మేర్పడినది. వేటయు, పచ్చికబయళ్ళు సాగునకు పోవుటయు కలిసి దానిని తఱిగించినవి. ఇటీవలి సంవత్సరములలో అచట అది కనబడుటయే అపురూపమైనది.

చంపకుండ వేటాడు మార్గ మొకటి మన సీమలో ఎప్పటినుండియో గలదు. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట అహోబిల నరసింహస్వామి పారువేటకు బయలుదేరి, నలువది దినములకు పైగా పల్లెపల్లె తిరుగును. దేవుడు వేటకు వచ్చెనని వాకిళ్ళు అలికి ముగ్గులు పెట్టుదురు. పల్లకి ముందర చెంచులు బాణము వేయుట మర్యాద. అందు చచ్చునది లేదు, వేటలోని సందడి యంతయు నున్నది.

పడమటిదేశములవారు ఇదే యుపాయమును వేఱుదారిన పట్టిరి. వారు మొదట పంజరములనుండి బ్రతికియున్న పావురములను విడిచి కాల్చుచుండిరి. 1900లో పారిసు ఒలింపిక్కులలో సైతము అట్లే జరిగినది. అంతకుముందే, 1880లో, అమెరికాలోని సిన్సినాటి నివాసియగు లిగౌస్కీ యనునతడు మట్టితో చేసిన పళ్ళెమువంటి బిళ్ళను కనిపెట్టి పేటెంటు పొందెను. దానిని యంత్రముతో విసరినచో పిట్టవలె ఎగురును, రవ్వ తగిలినచో పొడియగును. నేడు 12 బోరు తుపాకితో ఆడు క్రీడ యంతయు ఈ బిళ్ళలమీదనే. హైదరాబాదునకు చెందిన కైనాన్ చెనాయి 2016 రియో ఒలింపిక్కులలో ఈ పోటీలో పాల్గొనెను. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో స్వయముగా కాంస్యమును, జట్టుతో స్వర్ణమును గెలిచెను.

తుపాకి ఆడువారి చేతికి తగదను పెద్దలకు అమెరికాలో పుట్టిన ఆనీ ఓక్లే యను వనిత కథ వినిపింపవచ్చును. ఆమె 1860లో బీదయింట పుట్టి, తండ్రి పోగా, చిన్ననాటనే పిట్టలను కొట్టి యమ్మి తల్లి యిల్లు నడపెను. పిమ్మట ప్రదర్శనలలో లోకప్రసిద్ధి గాంచి, వేలకొలది స్త్రీలకు తుపాకి నేర్పెను. అంతదూర మేల? 2005లో హైదరాబాదున పుట్టిన ఈషా సింగ్ అను బాలిక, పదుమూడేండ్లకే జాతీయపోటీలో పెద్దవారిని మించి, హాంగ్‌జౌలో ఒక స్వర్ణమును మూడు రజతములను తెచ్చినది. ఆమె చేత నుండునది పిస్తోలు. ఆమె కొట్టునది కాగితము, తెర. వానికి ప్రాణములేదని ఆమె పతకమునకు విలువ తగ్గెనా?

మా ప్రక్కయింటి యామెకు ఏమి చెప్పితి మందురా? వలదని చెప్పలేదు. వలదన్నచో ఆ పిల్లవాడు స్నేహితుని తుపాకి తీసికొని గుట్టలలోనికి పోవును, అచట చూచువారుండరు. తండ్రి కొంత, మేనమామ కొంత వేసి చిన్న గాలితుపాకి కొనియిచ్చిరి. పెరటిగోడకు రెండు ఇసుకబస్తాలు నిలిపి, వానిపై మా యింటివారు పాతపరీక్ష కాగితముల వెనుక గీచి యిచ్చిన వలయములు అంటించిరి. ఆ గోడ కావల దారి లేదు, ఎదుట కిటికీ లేదు. కంటికి గట్టి అద్దములు లేనిదే తుపాకి తీయరాదు, పెద్దవారొకరు ప్రక్కన కూర్చుండనిదే మీట ముట్టరాదు. తుపాకి అటకమీద నుండును. రవ్వల డబ్బా తల్లి మగ్గపుగుంట ప్రక్కనున్న పెట్టెలో నుండును. ఆమె సాయంకాలము పది రవ్వలు లెక్కపెట్టి యిచ్చును, ఆట ముగిసిన పిమ్మట కాగితము తెప్పించుకొని పది రంధ్రములు లెక్కపెట్టును. మొన్న తొమ్మిదే యున్నవట. పదవదానికై తల్లీకొడుకులు బస్తా విప్పి, ఇసుక జల్లెడపట్టి, దీపాలవేళ వఱకు వెదకిరి. తుదకు అది బస్తా అంచున కుట్టులో దొరకినది.